గోడ వెనక దండెం

జమ్మలమడుగులో పెన్నకు పోయే దారిలో, దూదేకులవాళ్ల ఇళ్లు దాటినాక ఒక చిన్న మట్టిమిద్దె ఉండేది. ఆ ఇంట్లో రెండు దండేలు. ఒకటి అందరి ఇళ్లలో ఉన్నట్టే ముంగిట్లో, గుంజ నుంచి గుంజకు. దానిమీద మగవాళ్ల బట్టలు ఆరేవి. రెండోది ఇంటి వెనక, గోడకు అవతల, మేక కూడా తల దూర్చని ఇరుకు సందులో. ఆడవాళ్ల బట్టలన్నీ అక్కడ. ఆ సందులోకి ఎండ మిట్టమధ్యాహ్నం కాసేపు దిగి వెళ్లిపోయేది. వానాకాలంలో చీర రెండోనాటికి గానీ ఆరేది కాదు.

ఆ రెండో దండెం జైబున్నీసా కోసం కట్టింది. కట్టించినది ఆమె అత్త మహబూబ్‌బీ.

జైబున్నీసాకు పుట్టినప్పుడు పెట్టిన పేరు మా ఖిన్. బర్మాలో మౌల్మీన్ పక్కన ఏటి ఒడ్డు పల్లె వాళ్లది. తండ్రి వరి పండించేవాడు. తల్లి అంగట్లో ఎండుచేపలు అమ్మేది. జమ్మలమడుగు నుంచి చిన్నాయన వెంబడి పోయి ఆ ఊళ్లో దర్జీ పని చేస్తుండిన నబీ రసూల్ ఆమెను చేసుకున్నాడు. మసీదులో కలిమా చదివించి పేరు మార్చారు. ఆమె నమాజు నేర్చుకుంది. బుద్ధుడి ముందు పూలు పెట్టడం మానేసింది. తినకూడదన్నవి తినడం మానేసింది. ఇవన్నీ మతానికి సంబంధించినవని ఆమెకు తెలుసు. మానకుండా మిగుల్చుకున్నది ఒక్కటే. అది మతమని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

మగవాడి నెత్తిమీద ఒక కళ ఉంటుందని వాళ్ల దేశంలో నమ్మకం. ఆడది నడుముకు కట్టుకున్న బట్ట కింద నడిస్తే ఆ కళ పోతుంది. అందుకని మగవాళ్లు తిరిగే చోట, తలకన్నా ఎత్తున ఆడవాళ్లు తమ బట్టలు ఆరేయరు. ఇది ఎవరో కూర్చోబెట్టి నేర్పేది కాదు. అన్నం మెతుకు తొక్కకూడదని మన పిల్లలకు ఎట్లా తెలుస్తుందో అక్కడి పిల్లలకు ఇది అట్లా తెలుస్తుంది.

యుద్ధం అయిపోయి, బర్మాకు స్వాతంత్య్రం వచ్చి, తర్వాత వాళ్లలో వాళ్లకు కొట్లాటలు మొదలై తుపాకులు మౌల్మీన్ దాకా వచ్చినప్పుడు నబీ రసూల్ ఓడ ఎక్కాడు. పెళ్లాం, నడవడం నేర్చిన కొడుకు ఇక్బాల్, ఒక కుట్టుమిషన్, ఒక రేకుపెట్టె. మద్రాసులో దిగి రైల్లో ముద్దనూరుకు, అక్కడి నుంచి బస్సులో జమ్మలమడుగుకు వచ్చారు.

వచ్చిన మరునాడు పొద్దున మహబూబ్‌బీ కోడలి మాసిన బట్టలు తానే ఉతికింది. ఓడలో వాంతులు చేసుకుని చిక్కి వచ్చిన పిల్ల, లేవలేదనుకుంది. కోడలి లుంగీని ముంగిటి దండెం మీద పరిచింది. బర్మా ఆడవాళ్లు కట్టే లుంగీ అది. ఎర్రటి బట్ట, నడుము దగ్గర జానెడు వెడల్పున నల్లగుడ్డ పట్టీ. పరిచి ఇటు తిరిగేలోగా కోడలు ఇంట్లో నుంచి పరిగెత్తుకొచ్చి దాన్ని గుంజుకుని, నీళ్లు కారుతుండగా ఎదకు హత్తుకుని నిలబడింది.

"ఏందిరా నబీ ఇది?" మహబూబ్‌బీ గొంతు వీధి చివరిదాకా వినిపించింది. "నేను ఉతికిందాన్ని పీక్కపోతాంది! నా చేతికేమన్నా కుష్టు ఉండాదా?"

నబీ రసూల్ తలగోక్కుంటూ వచ్చాడు. "అది కాదుమా. వాళ్ల దేశంలో ఆడోళ్ల బట్టల కింద మగోడు నడిస్తే నెత్తిన కళ పోతాదంట."

"నీ నెత్తిన కళ యాడుండాదిరా పోయేదానికి? మీ అబ్బ నెత్తిన మాత్రం ఏముండె? తాటాకు టోపీ."

గోడమీది నుంచి చూస్తున్న పక్కింటి ఆడవాళ్లు నవ్వారు. ఆ పిల్ల నవ్వలేదు. భాష తెలియక ఒకరి తర్వాత ఒకరి ముఖం చూస్తోంది. మహబూబ్‌బీ ఆ చూపును కాసేపు చూసింది.

"సర్లే," అంది. "ఏడు సముద్రాలు దాటొచ్చింది పిల్ల. ఒక తాడు గోడెనక్కు దాటితే మనదేం పోతాది? కట్టు పో."

ఆ తర్వాత ఎవరు అడిగినా మహబూబ్‌బీ ఒక్కటే మాట చెప్పేది. "మా కోడలి దేశంలో అట్లంట." అడిగినవాళ్లు తల ఊపి ఇంకో సంగతికి పోయేవాళ్లు. తన చీరలు కూడా ఆమె గోడ వెనకే ఆరేసేది. నవ్వాలనిపించినప్పుడు నవ్వేది, "నా చీరెలు నన్ను తిట్టుకుంటాండాయి, ఎండ మొగం సూసి ఎన్నాళ్లాయనో అని."

కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రం ఏర్పడిన ఏడాది నబీ రసూల్ కలరాతో చనిపోయాడు. మిషన్ మీదికి జైబున్నీసా వచ్చింది. పెద్దముడియం తట్టు రైతుల ఇళ్లలో ఆడవాళ్ల రవికెలు కుట్టేది. బండ్లు కట్టుకుని సంతకు వచ్చే రెడ్లమ్మలు ఆమె ముంగిట్లో దిగి కొలతలు ఇచ్చి పోయేవాళ్లు. మాట సరిగా రాకపోయినా కుట్టు సరిగా వచ్చేది. వీధిలో తెలుగు, అత్తతో ఉర్దూ, కొడుకుతో మాత్రం బర్మా మాట. వాణ్ని 'మౌంగ్' అని పిలిచేది. వాళ్ల భాషలో అబ్బాయీ అన్నట్టు.

పెన్నలో చాకళ్లు వాసాలు నాటి తాళ్లు కట్టి ఊరందరి చీరలూ ఆరేసేవాళ్లు. ఒకరోజు పిల్లలంతా వాటి కింద ఉరుకుతుంటే ఇక్బాల్ కూడా ఉరికాడు. తల్లి దూరం నుంచి చూసింది. చెయ్యి పట్టి ఇంటికి లాక్కొచ్చి కూర్చోబెట్టి, పోయిన కళ తిరిగి వచ్చేటట్టు శీకాయ నానబెట్టి తల రుద్దింది. కళ్లలో పడి మండుతోందని వాడు ఏడ్చాడు.

"ఏడిస్తే ఏడువు. కళ పోయినోని మాట ఎవురూ వినరు," అంది. "పెద్దోనివైతే నీ మాట నలుగురు వినల్ల."

అప్పటి నుంచి వాడు జాగ్రత్తపడ్డాడు. ఎవరింటికి పోయినా ముందు తల ఎత్తి పైన చూసేవాడు. చీర కనిపిస్తే చుట్టూ తిరిగి పోయేవాడు. తిరగడానికి దారి లేకపోతే లోపలికే పోయేవాడు కాదు. తోటి పిల్లలు అది కనిపెట్టారు. ఒకరోజు బడి నుంచి వస్తుంటే నలుగురు పట్టుకుని ఎవరిదో పాత చీర తెచ్చి నెత్తిమీద కప్పి, "బర్మా కోతీ! పోయిందిరా నీ కళ!" అని వీధి పొడుగునా తిప్పారు.

ఇక్బాల్ ఇంటికి వచ్చాడు. పెరట్లో కూర్చుని, "అమ్మా, శీకాయ పెట్టు," అన్నాడు.

తల తుడుస్తుంటే అన్నాడు, "బయట నన్ను మౌంగ్ అనొద్దు."

తర్వాత ఇంట్లో కూడా వద్దన్నాడు. ఆమె బర్మా మాటలో అడిగితే ఉర్దూలో జవాబు చెప్పేవాడు. కొన్నాళ్లకు ఆమెకు ఆ భాష మాట్లాడేందుకు మనిషి లేకుండా పోయింది. మిషన్ తొక్కుతూ తనలో తాను గొణుక్కునేది. మహబూబ్‌బీ అది విని, "ఏందో చెప్పు పిల్లా, నాకు తెలీకపోయినా ఇంటా," అనేది. ఆ ముసలామె కూడా పోయింది. పోయేదాకా ఆమె చీరలు గోడ వెనకే ఆరాయి.

ఇక్బాల్ చదువు ఆపి ప్రొద్దుటూరులో వలి బాషా బట్టల అంగట్లో చేరాడు. గజంబద్ద పట్టినా లెక్క చూసినా చురుకైనవాడు. వలి బాషాకు కొడుకులు లేరు. ఒక్కతే కూతురు ఖమ్రున్నీసా. కొన్నేళ్లు చూసి, కుర్రవాణ్ని ఇంటికి తెచ్చుకోవాలని ఆయనకు ఆశ పుట్టింది. ఆయన భార్య అఖ్తర్ బీకి మాత్రం వంశం చూడాలి.

పెళ్లి మాటలకు జైబున్నీసాను ప్రొద్దుటూరుకు పిలుచుకుపోయాడు ఇక్బాల్. అఖ్తర్ బీ తమలపాకులు ముందుకు జరుపుతూ ఆమె ముఖాన్ని తేరిపార చూసింది.

"ఏమనుకోవద్దు వదినా, మీ ముఖం మా తట్టు మాదిరి లేదే."

జైబున్నీసా నోరు తెరవబోయింది. ఇక్బాల్ అందుకున్నాడు.

"మాయమ్మోళ్ల నాయన సూరత్ సేటు. రంగూన్‌లో పెద్ద బట్టల కొట్టు. మూడు తరాలు ఆడనే ఉన్న్యారు. ఆ నీళ్లకు, ఆ గాలికి అట్లయినారు."

"గాలికి ముక్కు గూడా అణుగుతాదా అల్లుడా?" అంది అఖ్తర్ బీ. అందరూ నవ్వారు. అల్లుడా అనే పిలుపు నోట్లోంచి వచ్చేసింది కాబట్టి సంబంధం ఖాయమైనట్టే.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అతను చెప్పాడు. "అమ్మా, ఆ బర్మా మాటలు, ఆ పట్టింపులు ఇంక వద్దు. ఎవురన్నా అడిగితే నువ్వు సూరత్ దానివి."

"సూరత్ యాడుండాది?"

అతను కిటికీలోంచి బయటికి చూశాడు. "నాకూ తెల్దు," అన్నాడు.

పెళ్లయ్యాక ఇక్బాల్ ప్రొద్దుటూరులో, మామ ఇంటికి దగ్గర్లోనే వేరు కాపురం పెట్టి తల్లిని తెచ్చుకున్నాడు. బాగా చూసుకోవాలనే తెచ్చుకున్నాడు. అందులో కపటం లేదు. తల్లికి మంచం, మిషన్‌కు కిటికీ పక్కన చోటు, శుక్రవారం శుక్రవారం మాంసం. ఖమ్రున్నీసా కూడా చెడ్డపిల్ల కాదు. గారాబంగా పెరిగింది, పని మెల్లగా చేస్తుంది. అత్తా అత్తా అని వెంట తిరిగేది.

ఆ ఇంట్లో దండెం ఒక్కటే. తలవాకిలి నుంచి బావి గిలక స్తంభానికి నడవకు అడ్డంగా కట్టింది. అంగడి నుంచి వచ్చిన మనిషి కాళ్లు కడుక్కోవాలంటే దాని కిందుగా పోవలసిందే. పైన ఖమ్రున్నీసా చీరలు, పావడాలు.

జైబున్నీసా మొదటిరోజే చూసింది. కొడుకును కూడా చూసింది. అతను వచ్చాడు, తల ఎత్తలేదు, నేల చూసుకుంటూ వాటి కింద నడిచిపోయాడు. అయితే నడిచేటప్పుడు మెడ లోపలికి ముడుచుకుంది. అది ఆమె ఒక్కదానికే కనిపించింది.

ఏమీ చెప్పవద్దన్నాడు కాబట్టి ఆమె చెప్పలేదు. చెప్పకుండా చేసేపని చేసింది. కోడలు మధ్యాహ్నం నడుము వాల్చగానే ఆ చీరలు తీసి స్నానాల గది వెనక, నీడలో, తాను కట్టుకున్న చిన్న తాడు మీద ఆరేసేది. అన్నానికి వచ్చిన కొడుకు తిని అంగడికి పోగానే మళ్లీ తెచ్చి మొదటి చోట వేసేది. ఇక్బాల్ ఖాళీ దండెం చూశాడు. ఒక్కసారి కూడా ఏమని అడగలేదు. కానీ ఆ రోజుల్లో అతను నిటారుగా నడిచి బావి దగ్గరికి పోయేవాడు. తల్లికి అంతే చాలు. తమ ఇద్దరి మధ్య మాట లేకుండా ఒక ఒప్పందం ఉందనుకుంది.

చీరలు ఎందుకో తడితడిగా ఉంటున్నాయని, ముక్క వాసన కొడుతున్నాయని ఖమ్రున్నీసా పుట్టింట్లో ఒకసారి అంది. ఎవరూ పట్టించుకోలేదు. అప్పుడు ఆమెకు నెల తప్పింది. మూడోనెలలో గర్భం పోయింది.

కూతుర్ని చూసుకోవడానికి వచ్చిన అఖ్తర్ బీ ఆ ఇంట్లోనే ఉండింది. రెండోనాటి మధ్యాహ్నం నీళ్లకని లేచి, వియ్యపురాలు తన కూతురి పావడాను చేతిమీద వేసుకుని, అటూ ఇటూ చూసి, స్నానాల గది వెనకకు పోవడం చూసింది. వెంబడే పోయింది. చీకటి మూలలో తాడు, తాడుమీద కూతురి చీర, రవికె.

ఆమె అరిచిన అరుపుకు వలి బాషా అంగడి వదిలి వచ్చాడు. ఇక్బాల్ వెనకే వచ్చాడు.

"నా బిడ్డ కట్టిన గుడ్డలు దొంగమాదిరి తీసుకపోయి మూల్లో యాలాడదీస్తాంది!" అఖ్తర్ బీ ఆ పావడాను అందరి ముందర నేలకు కొట్టింది. "ఎన్నాళ్ల నుంచి చేస్తాందో ఈ పని! కడుపు ఊరికే పోయిందా? ముఖం చూసినప్పుడే అనుకున్న్యా నేను!"

"నువ్వు గమ్మునుండు," అన్నాడు వలి బాషా. మర్యాద తెలిసిన మనిషి. కుర్చీ లాక్కుని కూర్చుని నిదానంగా అడిగాడు. "చూడమ్మా, నువ్వు పెద్దదానివి. చేతబడి అంటే నేను నమ్మను. ఏదో కారణం ఉంటాది. అదేందో చెప్పు. చాలు."

మంచంమీద పడుకున్న ఖమ్రున్నీసా కూడా మోచేతిమీద లేచి, "చెప్పండి అత్తా," అంది. ఆ గొంతులో కోపం లేదు. భయం ఉంది.

జైబున్నీసా చెప్పగలదు. తెలుగులో కాకపోతే ఉర్దూలో, తప్పులతో అయినా చెప్పగలదు. కానీ చెప్పవద్దని కొడుకు అన్నాడు. సూరత్ సేటు కూతురికి ఈ పట్టింపు ఉండదు. కాబట్టి కొడుకు వైపు తిరిగింది.

"ఇక్బాలుకు తెల్సు," అంది. "చెప్పు నాయనా."

అందరూ అతని వైపు చూశారు. ఇక్బాల్ నేలమీద పడి ఉన్న పావడాను చూస్తున్నాడు.

"నాకేం తెలుసు మామా," అన్నాడు. ఆగాడు. మామ ఇంకా చూస్తూనే ఉన్నాడు. "మాయమ్మకు... అబ్బ పోయినప్పటి నుంచి మతి సరిగ లేదు. అప్పుడప్పుడు ఇట్ల చేస్తాది. ఏం చేస్తాందో ఆమెకే తెల్దు."

ఆ ఇంట్లో గాలి తేలికపడినట్టయింది. వలి బాషా పెద్దగా ఊపిరి వదిలాడు. "ముందే చెప్పొద్దా అబ్బీ! పాపం!" అన్నాడు. అఖ్తర్ బీ కూడా చప్పబడింది. పిచ్చిదానిమీద కోపం ఏం నిలుస్తుంది? సాయంత్రం దర్గా నుంచి ఒక తాయెత్తు తెప్పించి తన చేతులతోనే వియ్యపురాలి జబ్బకు కట్టింది. "తగ్గిపోతాదిలే వదినా," అని చిన్నపిల్లతో చెప్పినట్టు గట్టిగా, ఒక్కో మాట విడదీసి చెప్పింది.

వాళ్లు వెళ్లినాక ఇక్బాల్ బావి దగ్గర తల్లిని పట్టుకున్నాడు. గొంతు తగ్గించి అన్నాడు.

"ఇంకేం చెప్పమంటావు? ఆ మాట చెప్తే నువ్వు ఎవురో, ఏ దేవుని పిల్లవో బయటపడదా? సేటు లేడు, కొట్టు లేదు అని తెలిసిపోదా? ఈ ఇల్లు నిలుస్తాదా? నిన్ను చేతబడిగత్తె అనకుండా కాపాడినా నేను."

అతను నిజంగానే అట్లా అనుకుంటున్నాడని ఆమెకు అర్థమైంది.

"మీ దాదీ ఒక్క మాటలో చెప్పె," అంది.

"దాదీకి పోయేది ఏముండె? మట్టిమిద్దె."

మరునాడు ఆమె జమ్మలమడుగు బస్సెక్కింది. మిషన్ బస్సుమీద వేయించి ఇక్బాలే టికెట్టు తీశాడు. "కొన్నాళ్లు ఉండి రా. నేనే వచ్చి పిలుచుకొస్తా," అన్నాడు.

ఇల్లు దుమ్ముకొట్టుకుని ఉంది. గోడ వెనక తాడు పుచ్చిపోయి తెగింది. కొత్తది కట్టుకుంది. తాయెత్తు విప్పి మిషన్ పక్కన మేకుకు తగిలించింది. మళ్లీ రవికెలు మొదలయ్యాయి. ప్రొద్దుటూరులో ఉన్న పెద్దముడియం వాళ్ల చుట్టాల ద్వారా ఆమెకు మతి లేదన్న మాట ఇక్కడికి కూడా చేరింది. కొందరు రావడం మానేశారు. వచ్చినవాళ్లు కొలతలు రెండుసార్లు చెప్పి, "అర్థమాయెనా?" అని అడిగేవాళ్లు.

ఏడాదిన్నర గడిచింది. పక్కింటి యశోదమ్మ భర్త ప్రొద్దుటూరు బస్సులో కండక్టరు. ఆయన కబురు తెచ్చాడు. ఇక్బాల్‌కు కొడుకు పుట్టి ఆరు నెలలయింది. వలి బాషా పులివెందులలో కొత్త అంగడి పెట్టి అల్లునికి అప్పజెప్పాడు. అక్కడ కొత్త ఊరు, పిల్లవాణ్ని చూసుకునే పెద్దదిక్కు లేదు. ఆదివారం భార్యాబిడ్డతో వస్తాడట, తల్లిని పులివెందులకు పిలుచుకుపోతాడట.

జైబున్నీసా ఆ మాట విని కుడుతున్న రవికెను మడిచి పక్కన పెట్టింది.

ఆదివారం పొద్దున ఆమె తన బట్టలు మూట కట్టి మిషన్ పక్కన పెట్టింది. తర్వాత రేకుపెట్టె అడుగు నుంచి మౌల్మీన్ లుంగీ తీసింది. నబీ రసూల్ పోయినాక దాన్ని కట్టలేదు. ఎరుపు వెలిసింది, నల్లపట్టీ అట్లాగే ఉంది. బావి దగ్గర ఉతికి ముంగిట్లోకి తెచ్చింది. అక్కడి తాడు ఒక కొస గుంజ నుంచి విప్పి, తలవాకిలికి అడ్డంగా, గుమ్మానికి ఎదురుగా మార్చి కట్టింది. దానిమీద లుంగీ పరిచింది. ఇంట్లోకి పోవాలంటే దాని కింద తప్ప దారి లేదు.

చాటతో గోడ దగ్గరికి వచ్చిన యశోదమ్మ చూసింది. "ఏందక్కా ఇది? ఆడబట్ట ముంగిట్లో వేసినావే! నీ దేశంలో వేయరంటివి గదా. కొడుకొస్తాండాడు, ఈ పొద్దే వేస్తివా?"

"కొడుకొస్తాండాడనే," అంది జైబున్నీసా.

ఆమె లెక్క ఆమెకుంది. వాడు వచ్చి గుమ్మం ముందర ఆగాలి. పెళ్లాం ఎందుకాగినావని అడుగుతుంది. అప్పుడు వాడు, ఇది తీయమ్మా, మీ దేశంలో ఇట్లా వేయరు గదా అని, ఆ పిల్ల వినేటట్టు ఒక్క మాట అనాలి. ఆ ఒక్క మాట చాలు. తీసేసి, మూట ఎత్తుకుని, పులివెందుల కాదు ఏ ఊరికైనా వస్తుంది. పిల్లవాణ్ని చూసుకుంటుంది.

ఎండ బాగా ఎక్కినాక వాళ్లు వచ్చారు. ముందు ఖమ్రున్నీసా, చంకలో బిడ్డ. వెనక ఇక్బాల్, తెల్లచొక్కా, కొత్త టోపీ, చేతిలో మిఠాయి పొట్లం. కాస్త లావెక్కాడు.

"అత్తా, బాగుండారా?" అంటూ ఖమ్రున్నీసా గుమ్మం వైపు వచ్చింది. బిడ్డ దగ్గరికి వస్తుండగా జైబున్నీసా లేచింది. గోడకు ఆనించిన పొడుగాటి దంటెకర్ర తీసుకుని లుంగీ అంచును పైకెత్తి, పక్కకు, బాగా దూరంగా తోసి పట్టుకుంది. బిడ్డ తలమీద ఆకాశం తప్ప ఏమీ లేకుండా చూసింది.

"రా మౌంగ్," అంది.

తల్లీబిడ్డా లోపలికి వచ్చాక కర్ర తీసేసింది. లుంగీ మళ్లీ వాకిలికి అడ్డంగా జారింది.

ఇక్బాల్ ఆగాడు. తల ఎత్తాడు. నల్లపట్టీని గుర్తుపట్టాడు.

"అజీ, ఏం నిలబడినారు ఎండలో?" అంది ఖమ్రున్నీసా లోపలి నుంచి. "రాండి."

"పైన ఏముండాదో చూసుకొని రా నాయనా," అంది తల్లి.

ఖమ్రున్నీసా చూసింది. "ఏముందత్తా? లుంగీ ఆరేసినారు. అంతే గదా?"

"వానికి తెల్సు. వాన్నే చెప్పమను."

ఖమ్రున్నీసా భర్త ముఖం చూసింది. మునుపొకసారి ఇదే మాట ఇదే మనిషి నోట విన్నట్టు ఆమె నొసలు ముడిపడింది. "ఏందండీ?" అంది మెల్లగా. అడిగేది కోపంతో కాదు. చెబితే వినేటట్టే ఉంది.

ఇక్బాల్ చేతిలో మిఠాయి పొట్లానికి దారం వదులైంది. అతను దాన్ని బిగించుకున్నాడు.

"ఏముంది. బట్టలు ఆరేసింది," అన్నాడు.

అని నడిచాడు. వంగలేదు, పక్కకు జరగలేదు, మెడ ముడుచుకోలేదు. తల్లి కళ్లలోకి చూస్తూనే నడిచాడు. తడి అంచు టోపీని రాసుకుని, దాన్ని కాస్త పక్కకు వంచి, వెనక్కి జారింది. జైబున్నీసా చెయ్యి దంటెకర్ర మీదికి పోయింది. పోయి, దాన్ని ఎత్తకుండా అక్కడే ఉండిపోయింది.

టీ కాచింది. అన్నం పెట్టింది. బిడ్డను ఒళ్లో వేసుకుంది. ఇక్బాల్ పులివెందుల అంగడి గురించి చెప్పాడు. ఇల్లు పెద్దదట, మిషన్‌కు వేరే గది ఉందట. "అన్నీ సర్దుకో. ఈ బస్సుకే పోదాం," అన్నాడు.

"మతి లేనిదాని చేతికి బిడ్డనెట్లిస్తావు?" అంది ఆమె.

ఖమ్రున్నీసా తల దించుకుంది. ఇక్బాల్ గ్లాసు కింద పెట్టాడు. "అది అయిపోయిన మాట. మళ్లీ యాలెత్తుతావు?"

"ఎత్తనులే. నాకు ఈడ పనుంది. రెడ్లోళ్ల రవికెలుండాయి."

ఇంకోసారి అడిగాడు. మూడోసారి అడగలేదు. పోయేటప్పుడు ఖమ్రున్నీసా గుమ్మం దగ్గర ఆగి, అత్తను సంతోషపెట్టే మాట ఏదైనా అనాలని చూసి, "ఇప్పుడు మీరే ముంగిట్లో ఆరేస్తాండారు అత్తా. బాగైపోయినారు. అమ్మీకి చెప్తా," అంది. జైబున్నీసా బిడ్డ కోసం మళ్లీ దంటెకర్ర ఎత్తింది. వాళ్లు దాటాక వదిలేసింది. ఇక్బాల్ మళ్లీ దాని కిందుగానే పోయాడు.

ఆమె గుమ్మంలో నిలబడి చూసింది. వీధి మలుపులో కుళాయి ఉంది. ఖమ్రున్నీసా ముందు నడుస్తోంది. ఇక్బాల్ ఒక్కసారి వెనక్కి తిరిగి చూసి, టోపీ తీసి జేబులో పెట్టుకుని, కుళాయి కింద వంగాడు. దోసిళ్లతో కాదు, తల మొత్తం నీళ్ల కింద పెట్టాడు. రెండు చేతులతో నడినెత్తి రుద్దుకున్నాడు, చిన్నప్పుడు ఆమె రుద్దినట్టే.

"అయ్యో, ఏందీ పని! కొత్తచొక్కా తడుస్తాండాది!" ఖమ్రున్నీసా గొంతు వినిపించింది.

"ఎండ," అన్నాడు ఇక్బాల్. "శానా ఎండగా ఉండాది."

ఉట్టి నీళ్లతో కళ తిరిగి రాదని అతనికి తెలుసు. శీకాయ డబ్బా ఇంట్లో గూట్లో ఉందని కూడా తెలుసు. జైబున్నీసా దాని వైపు పోలేదు. వాళ్లు మలుపు తిరిగేదాకా నిలబడి, లోపలికి వచ్చి మూట విప్పింది. బట్టలన్నీ ఎక్కడివక్కడ పెట్టింది. అప్పుడు ముంగిట్లోకి పోయి లుంగీని చేత్తో పట్టుకు చూసింది. ముంగిట్లో ఎండ బాగా తగులుతుంది. తడి అంతా పోయి బట్ట పెళపెళలాడుతోంది. ఆ ఇంట్లో ఒక ఆడబట్ట అంత తొందరగా ఆరడం ఆమె ఎన్నడూ చూడలేదు.